ఇంట్లో మిగిలినవారి లెక్క: స్వేచ్ఛ గురించిన రోడ్డు సినిమాల్లో ఏది ఎంచుకోవాలి

రోడ్డు సినిమా అనగానే చాలామంది మనసులో ఒకే బొమ్మ కదులుతుంది: పొడవాటి ఖాళీ దారి, దాని మీద ఒక బండి, అన్నీ వదిలేసి ఆ బండి ఎక్కిన మనిషి. ఆ మనిషి స్వేచ్ఛను వెతుక్కుంటూ పోతున్నాడని సినిమా చెబుతుంది, చూసేవాళ్లం నమ్ముతాం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో పెరిగినవారికి ఈ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు. కోస్గి, మద్దూరు, నారాయణపేట, మక్తల్ వైపు ఊళ్లలో తరాల తరబడి రోడ్డెక్కడమంటే కూలీలను కూడగట్టి పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోవడం, దసరా దీపావళి దాటాక ముల్లె సర్దుకొని ముంబైకో పుణెకో పనికి పోవడం, తొలకరి నాటికి తిరిగి రావడం. నల్లగొండ జిల్లాలో దేవరకొండ చుట్టుపక్కల తండాలదీ ఇంచుమించు ఇదే కథ. అలా వెళ్లినవారి వెనుక ప్రతి ఇంట్లోనూ ఒక ముసలి అవ్వ, ఇద్దరు ముగ్గురు పిల్లలు మిగిలేవారు. అందువల్ల ఇక్కడ సినిమాలను పోల్చడానికి నేను ఒకే కొలత పెట్టుకున్నాను: వెళ్లినవాడు ఎంత దూరం వెళ్లాడన్న దానికంటే, వెనుక మిగిలినవారిని ఆ సినిమా ఎలా చూసిందన్నది ముఖ్యమని భావించి, దాన్నిబట్టి ఏ సినిమా ఎవరికి తగినదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మనిషి స్వేచ్ఛనూ ఎంపికనూ కేంద్రంగా చేసుకున్న తాత్విక ధోరణి అస్తిత్వవాదం; ఈ కొలత దానికి బయటిదేమీ కాదు. ఫ్రెంచి తత్వవేత్త జాఁ పాల్ సార్త్ర్ 1945లో పారిస్‌లో చేసిన ప్రసిద్ధ ఉపన్యాసంలో, మనిషికి ముందే రాసిపెట్టిన స్వభావం ఏదీ లేదని, తన ఎంపికలతోనే తనను తాను తయారు చేసుకుంటాడని, అందుకు పూర్తి బాధ్యత కూడా తనదేనని, పైగా తన కోసం ఒక దారిని ఎంచుకున్న ప్రతిసారీ మనుషులందరి తరఫునా ఎంచుకుంటున్నట్టేనని వివరించాడు. చాలా రోడ్డు సినిమాలు ఇందులో మొదటి సగాన్ని ఆనందంగా తీసుకొని, రెండో సగాన్ని మొదటి మలుపులోనే దించేస్తాయి. ఏది దించేసిందో, ఏది చివరిదాకా మోసిందో చెప్పాలంటే ముగింపులను ప్రస్తావించక తప్పదు కాబట్టి, కథ ముందుగా తెలియకూడదనుకునేవారు సినిమాలు చూశాకే ఈ వ్యాసాన్ని చదవడం మంచిది.

తెర మీద రోడ్డు కనిపించినంత మాత్రాన అది రోడ్డు సినిమా అయిపోదు. 1991 నాటి ‘క్షణ క్షణం’లో నాయికానాయకులు సినిమా పొడుగునా పరుగెత్తుతూనే ఉంటారు, ఆ పరుగు ఎంతో హాయిగా కూడా ఉంటుంది, అయితే వెంటపడేవాళ్లు ఆగిపోతే ప్రయాణమూ ఆగిపోతుంది. మనం మాట్లాడుకునే సినిమాల్లో ఎవరూ తరమకపోయినా మనిషి ఆగలేడు. 2011లో వచ్చిన హిందీ సినిమా ‘జిందగీ న మిలేగీ దొబారా’ను కూడా నేను ఈ పోలికలోకి తీసుకోవడం లేదు. స్పెయిన్‌లో ముగ్గురు మిత్రుల ఆ విహారం చూడముచ్చటగా ఉంటుంది కానీ, సెలవూ డబ్బూ ఉన్నవారు భయాలను వదిలించుకోవడమే అందులోని స్వేచ్ఛ. స్నేహితులతో కలిసి సరదాగా చూడాలనుకునేవారు అదే చూడవచ్చు, అందులో తప్పేమీ లేదు.

యువకులు సాధారణంగా మొదట అడిగేవి రెండు: 1969 నాటి ‘ఈజీ రైడర్’, 2007 నాటి ‘ఇంటు ది వైల్డ్’. డెన్నిస్ హాపర్ దర్శకత్వం వహించిన మొదటిదానిలో ఇద్దరు మోటారుసైకిల్ మిత్రులు లాస్ ఏంజెలెస్ నుంచి న్యూ ఓర్లీన్స్‌లో జరిగే ఉత్సవానికి బయలుదేరతారు. బయలుదేరేముందు ఒకడు చేతి గడియారాన్ని తీసి నేలమీద పారేస్తాడు. కాలానికి కూడా లొంగబోమన్న ఆ సైగను ఆ తర్వాత ఎన్ని సినిమాలు అరువు తెచ్చుకున్నాయో లెక్కలేదు. అయితే ఆ ప్రయాణానికి పెట్టుబడి కొకైన్ అమ్మగా వచ్చిన సొమ్ము, అది దాగి ఉన్నది జెండా రంగులు వేసిన పెట్రోలు ట్యాంకులో. వాళ్ల వెనుక ఎవరూ మిగల్లేదు, ఎందుకంటే సినిమా వాళ్లకు ఇల్లే ఇవ్వలేదు. దారిలో టైరు పాడై ఒక రైతు ఇంటి దగ్గర ఆగినప్పుడు, ఒక పక్క రైతు గుర్రానికి లాడం కొడుతుంటే మరో పక్క వీళ్లు చక్రం బాగుచేసుకుంటారు; అంతమంది పిల్లలతో తన నేల మీద తాను బతుకుతున్న ఆ మనిషిని చూసి వారిలో ఒకడు మనసారా మెచ్చుకుంటాడు. సినిమా మొత్తంలో నిజంగా స్వేచ్ఛగా ఉన్నవాడు కదలకుండా ఉన్న ఆ రైతేనేమో అన్న అనుమానాన్ని దర్శకుడు అక్కడే నాటి, చివర లూసియానా రోడ్డు మీద ట్రక్కులోని మనుషులు ఇద్దరినీ కాల్చేసేదాకా దానికి జవాబు చెప్పకుండా వదిలేస్తాడు.

షాన్ పెన్ తీసిన ‘ఇంటు ది వైల్డ్’ పైకి చూస్తే దీనికంటే అమాయకమైనది. క్రిస్టఫర్ మెక్‌కాండ్లెస్ అనే నిజమైన యువకుడు చదువు పూర్తికాగానే సుమారు 24,000 డాలర్ల పొదుపును దానం చేసి, కారును వదిలి, ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయి, 1992లో అలాస్కా అడవిలో పాడుబడిన ఒక బస్సులో ప్రాణాలు విడిచాడు. హాస్టల్ గదుల్లో ఈ సినిమాను పండగలా చూసేవారిని నేను ఎరుగుదును. వారిలో చాలామంది గమనించని సంగతి, కథను మనకు చెబుతున్న గొంతు అతని చెల్లెలిదన్నది. అన్న ఎందుకు వెళ్లాడో అర్థం చేసుకున్నది ఆమే, ఒక్క ఉత్తరం ముక్క కూడా రానందుకు నలిగిపోయిందీ ఆమే. చివర్లో ఒక ముసలాయన అతన్ని దత్తత తీసుకుంటానని అడిగినప్పుడు, తిరిగి వచ్చాక మాట్లాడుకుందామని దాటవేసి వెళ్లిపోయే సన్నివేశం కూడా ఈ లెక్కలోదే. మిగిలినవారికి గొంతు ఇచ్చిన సినిమా కాబట్టి, ఈ రెండింటిలో ఒకటే చూడగలిగితే నేను దీన్నే చూడమంటాను. అమెరికా 1960ల చరిత్రపై ఆసక్తి ఉన్నవారికి, సినిమా భాష ఎలా మారిందో తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం ‘ఈజీ రైడర్’ తప్పనిసరి. నిడివి కూడా గంటన్నరే.

ఇక ‘థెల్మా అండ్ లూయీస్’. 1991లో రిడ్లీ స్కాట్ తీసిన ఈ సినిమాకు రచయిత్రి కాలీ ఖూరీ ఆస్కార్ అందుకుంది. ఇద్దరు స్నేహితురాళ్లు రెండు రోజుల సెలవుకని బయలుదేరతారు. వారిలో ఒకరు భర్త ఒప్పుకోడేమోనన్న భయంతో అడగకుండానే, చీటీ రాసిపెట్టి బండెక్కుతుంది. దారిలో ఒకడు ఆమెపై అత్యాచారానికి తెగబడటం, రెండో ఆమె అతన్ని కాల్చేయడం, ఆపై వెనక్కి తిరిగే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోవడం, చివరికి పోలీసులు చుట్టుముట్టగా కారును లోయలోకి దూకించడం కథ. మిగిలినవాణ్ని సినిమా నవ్వులపాలు చేస్తుంది. ఆ భర్తను చూస్తే అది న్యాయమే అనిపిస్తుంది. బస్సెక్కి పక్క పట్టణానికి వెళ్లాలన్నా నలుగురికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిన ఆడవారికి ఈ సినిమాలో మొదటి అరగంటే చాలా మాటలు చెబుతుంది. ముగింపును విజయమనడం నా వల్ల కాదు. బతికి ఉండగా వారికి చోటు చూపలేని లోకం మీద అది నేరారోపణ. ఇదే ప్రశ్నను 2014లో ఇంతియాజ్ అలీ ‘హైవే’లో మరోలా అడిగాడు: అపహరణకు గురైన అమ్మాయికి బందీగా ఉన్న లారీలో కంటే పుట్టింటి గోడల మధ్యే ఎక్కువ ప్రమాదం జరిగి ఉంటే, స్వేచ్ఛ ఎటువైపు ఉన్నట్టు? ఆ సినిమా రెండో సగం కొంత మెత్తబడినా, ఆడపిల్ల చివరికి ప్రాణాలతో మిగిలి తన బతుకు తాను నిలబెట్టుకోవడం వల్ల, ఇంట్లో అమ్మతోనో అక్కతోనో కలిసి చూడటానికి దీన్నే ముందు పెడతాను. లైంగిక హింస ప్రస్తావన రెండింటిలోనూ ఉందని ముందే తెలుసుకొని చూడాలి.

విమర్శకులు సాధారణంగా అన్నింటికంటే ఎత్తున కూర్చోబెట్టేది విమ్ వెండర్స్ తీసిన ‘పారిస్, టెక్సాస్’ను. 1984లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకున్న ఈ సినిమా, నాలుగేళ్లుగా కనబడకుండా పోయిన ట్రావిస్ ఎడారిలోంచి నడిచి రావడంతో మొదలవుతుంది. విడిపోయిన భార్య జేన్‌ను, కొడుకు హంటర్‌ను కలిపి, తాను మళ్లీ వెళ్లిపోవడంతో ముగుస్తుంది. ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దానికి ఇవతల కూర్చొని, ఫోనులో, తమ కథనే ఎవరో ఇద్దరి కథలా ట్రావిస్ ఆమెకు చెప్పే సన్నివేశం సినిమా చరిత్రలోనే అరుదైనది. ఆమె రాత్రిపూట వెళ్లిపోతుందేమోనన్న భయంతో కాలికి గంట కట్టానని, తర్వాత పొయ్యికి కట్టేశానని అప్పుడు మనకు తెలుస్తుంది. అంటే ఇన్నాళ్లూ మనం స్వేచ్ఛా సంచారి అని జాలిపడ్డ మనిషి, ఇంకొకరి స్వేచ్ఛకు కాపలా కాసినవాడు. ఇంత నిర్దయగా తన నాయకుణ్ని నిలదీసిన రోడ్డు సినిమాలు నాకు తెలిసి చాలా తక్కువ. అయినా నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఆ నాలుగేళ్లూ హంటర్‌ను సొంత కొడుకులా పెంచినవారు ట్రావిస్ సోదరుడు వాల్ట్, అతని భార్య ఆన్. ట్రావిస్ పిల్లాణ్ని తీసుకొని హ్యూస్టన్ బయలుదేరాక, వెనుక ఆ ఇంట్లో ఏం జరిగిందో చూపడానికి సినిమా దాదాపు తిరిగి చూడదు. అవ్వల దగ్గర, మేనత్తల దగ్గర పెరిగిన పిల్లలు ఉన్న ఊళ్ల నుంచి చూస్తే ఆ ఖాళీ చిన్నదిగా కనిపించదు. రెండున్నర గంటల నిదానాన్ని ఓర్చుకోగలవారికి, దాంపత్యం గురించి నిజాయితీగా ఆలోచించదలచినవారికి ఇది సరైన ఎంపిక. పగటిపూట పనుల మధ్య ముక్కలుగా చూస్తే ఇందులో ఏమీ మిగలదు.

పాలమూరు కళ్లతో చూడదగినది ఒక్కటే చెప్పమంటే నా జవాబు ‘నోమాడ్‌ల్యాండ్’. క్లోయీ ఝావ్ 2020లో తీసిన ఈ సినిమా మరుసటి ఏడాది ఉత్తమ చిత్రం, దర్శకత్వం, నటి విభాగాల్లో ఆస్కార్లు గెలుచుకుంది. నెవాడాలోని ఎంపైర్ అనే ఊరు జిప్సం ఫ్యాక్టరీని నమ్ముకొని బతికింది. 2011లో ఫ్యాక్టరీ మూతపడటంతో ఊరు ఖాళీ అయి, దాని పిన్‌కోడ్ కూడా రద్దయింది. భర్తనూ ఊరినీ పోగొట్టుకున్న ఫెర్న్ ఒక వ్యానును ఇల్లుగా మార్చుకొని, పండగల సీజనులో అమెజాన్ గోదాములో, తర్వాత బీట్‌దుంపల కోత దగ్గర, ఎండాకాలం పర్యాటకుల క్యాంపులో, ఇలా పని దొరికిన చోటికల్లా తిరుగుతుంది. మిగతా సినిమాల్లో ఒకరు వెళ్తే ఇంకొకరు మిగులుతారు. ఇక్కడ మిగిలిపోయిన మనిషే వెళ్లాల్సి వచ్చింది, ఎందుకంటే ఆమెను వదిలి వెళ్లింది ఏకంగా ఊరే. వలసను బలవంతమనో స్వేచ్ఛ అనో ఒక్క మాటలో తేల్చేయకుండా, మొదట బలవంతంగా మొదలైన దారి క్రమంగా ఎంపికగా ఎలా మారుతుందో ఈ సినిమా ఓపికగా చూపిస్తుంది. తోబుట్టువు ఇంట్లో చోటు ఉంటుంది, ఇష్టపడిన మనిషి ఇంట్లో మంచం కూడా సిద్ధంగా ఉంటుంది. ఫెర్న్ రెండింటినీ కాదని వ్యానుకే తిరిగి వస్తుంది.

దీని మీద గట్టి విమర్శ కూడా ఉంది, అది చాలావరకు న్యాయమైనదే. 2017లో జెస్సికా బ్రూడర్ రాసిన పుస్తకం ఆధారంగా తీసిన సినిమా ఇది. గోదాముల్లో ముసలివారి ఒళ్లు హూనమయ్యే తీరును ఆ పుస్తకం వివరంగా రాస్తే, సినిమా ఆ భాగాన్ని మెత్తగా దాటేసింది. సూర్యాస్తమయాలు మరీ అందంగా ఉన్నాయి. మన వలసకూ దీనికీ మరో తేడా కూడా గుర్తుంచుకోవాలి: ఫెర్న్ ఎవరికీ అడ్వాన్సు బాకీ లేదు, కాబట్టి నచ్చనప్పుడు బండి తిప్పుకోగలదు, మేస్త్రీకి బాకీపడ్డ కుటుంబానికి ఆ వీలు లేదు. ఇన్ని లోపాలున్నా నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం, ఇందులో నటులు కాని నిజమైన సంచార కార్మికులు, లిండా మే, స్వాంకీ, బాబ్ వెల్స్, తమ పేర్లతోనే, తమ మాటలతోనే కనిపించడం. వారు మాట్లాడేటప్పుడు సినిమా పక్కకు తప్పుకుంటుంది.

అబ్బాస్ కియరొస్తామీ తీసిన ‘టేస్ట్ ఆఫ్ చెర్రీ’ని సలహా ఇవ్వడానికి మాత్రం జాగ్రత్త కావాలి. 1997లో కాన్‌లో అత్యున్నత బహుమతిని మరో సినిమాతో పంచుకున్న ఈ ఇరానీ చిత్రంలో, బదీయీ అనే మధ్యవయస్కుడు టెహ్రాన్ శివార్లలోని మట్టిగుట్టల మధ్య కారులో తిరుగుతూ, తాను రాత్రి ప్రాణం తీసుకున్నాక పొద్దున వచ్చి తన మీద మట్టి పోసే మనిషి కోసం వెతుకుతాడు. మొదటి నిమిషాల్లోనే కారు చుట్టూ రోజుకూలీలు మూగి, కూలీలు కావాలా అని అడుగుతారు; పొద్దున్నే మన పట్టణాల అడ్డాల మీద జరిగేది అచ్చంగా అదే. చావును ఎంచుకునే స్వేచ్ఛ తనకుందనుకునే ఆ మనిషి చేతిలో డబ్బుంది, ఆ పనికి ఒప్పుకోవాల్సినవారికి డబ్బు అవసరముంది. కుర్ర సైనికుడు భయపడి పారిపోతాడు, మతవిద్య చదువుతున్న అఫ్ఘాన్ యువకుడు ఒప్పుకోడు, జబ్బుపడ్డ బిడ్డ ఉన్న ముసలి బాఘేరీ ఒప్పుకుంటాడు. ఒప్పుకొని కూడా దారంతా, తాను ఒకప్పుడు ఉరి వేసుకోవడానికి మల్బరీ చెట్టెక్కి, చేతికి తగిలిన పండు తిని, బడిపిల్లల కోసం కొమ్మలు ఊపి, మిగిలిన పండ్లు భార్యకు తీసుకెళ్లిన కథ చెబుతాడు. ఆ తర్వాత బదీయీ పరుగున వెనక్కి వచ్చి, రేపు పిలిచినప్పుడు పలకకపోతే నిద్రపోతున్నానేమో, రెండు చిన్న రాళ్లు విసిరి చూడమని బతిమాలుతాడు. సంపూర్ణ స్వేచ్ఛ తనదేనని నమ్మిన మనిషి, మిగిలేవాడి చేతిలో ఒక రాయిని పెట్టి వెళ్లడం కంటే బలమైన సన్నివేశం ఈ వ్యాసంలోని మరే సినిమాలోనూ లేదు. కారణం ఏమిటో దర్శకుడు చెప్పడు, చివరికి ఏమైందో కూడా చెప్పడు. రైతు ఆత్మహత్యలు చూసిన ప్రాంతం మనది. ఇంట్లో అలాంటి దుఃఖం ఉన్నవారు, ఇప్పుడు మనసు బాగోలేనివారు ఈ సినిమాను ఒంటరిగా చూడకూడదని నా గట్టి సలహా, అలాంటి ఆలోచనలు వేధిస్తుంటే సినిమా పక్కన పెట్టి ముందుగా 14416కు, అంటే ప్రభుత్వ టెలి మానస్ సహాయ కేంద్రానికి, ఫోను చేయాలి.

తెలుగులో రెండే చెబుతాను. క్రిష్ మొదటి సినిమా ‘గమ్యం’ 2008లో వచ్చింది: సంపన్నుడైన అభిరామ్ తనను వదిలి వెళ్లిన జానకిని వెతుకుతూ మోటారుసైకిల్ మీద బయలుదేరితే, బైకు దొంగ గాలి శీను తోడవుతాడు. మాటలు, హాస్యం, అల్లరి నరేశ్ నటన ఈ రోజుకీ తాజాగా ఉన్నాయి. కాకపోతే దారిలో ఎదురైన ప్రతి పేదవాడూ నాయకుడికి ఒక పాఠం చెప్పి పక్కకు తప్పుకోవడం, ఆఖరికి అతని కళ్లు పూర్తిగా తెరుచుకోవడానికి శీను ప్రాణమే ఖర్చు కావడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. నాగ్ అశ్విన్ 2015లో తీసిన ‘ఎవడే సుబ్రహ్మణ్యం’ పైకి మామూలు ఉపదేశంలా కనిపించినా, నా కొలతకు బాగా నిలబడుతుంది. ప్రయాణం కోసం తపించిన రిషి చనిపోతాడు, ప్రయాణమే వద్దనుకున్న సుబ్బు మిగులుతాడు, ఆ మిగిలినవాడు స్నేహితుడి చితాభస్మాన్ని హిమాలయాల్లోని దూద్ కాశీకి మోసుకెళ్తాడు. రిషిగా నటించిన విజయ్ దేవరకొండ కుటుంబ మూలాలు అచ్చంపేట ప్రాంతానివి కాబట్టి ఇటువైపు కుర్రాళ్లు ఆ అభిమానంతోనే చూసేస్తుంటారు. ఎలా చూసినా నష్టం లేదు. ఉపశీర్షికలతో ఇబ్బందిపడేవారు, ఈ తరహా సినిమాలకు కొత్తవారు దీనితో మొదలుపెట్టడం మేలు.

పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి కూర్చొనే ఇంటికి మరో మాట లేకుండా ‘ది స్ట్రెయిట్ స్టోరీ’. 1999లో డేవిడ్ లించ్ తీసిన ఈ సినిమాకు ఆధారం నిజంగా జరిగిన సంగతే: 1994లో ఆల్విన్ స్ట్రెయిట్ అనే 73 ఏళ్ల మనిషి, జబ్బుపడ్డ తోడబుట్టినవాణ్ని చూడటానికి గడ్డికోసే యంత్రాన్ని నడుపుకుంటూ అయోవా నుంచి విస్కాన్సిన్‌కు సుమారు 240 మైళ్లు వెళ్లాడు. పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు వాళ్లు. చూపు మందగించి కారు నడిపే లైసెన్సు లేదు, ఇంకొకరు దింపుతామన్నా ఒప్పుకోడు. అందరూ ఇంటిని వదిలి వెళ్లే ఈ సినిమాల వరుసలో, మిగిలిన మనిషి దగ్గరికి చేరడానికే రోడ్డెక్కినవాడు ఇతనొక్కడు. పంతం వల్ల పోగొట్టుకున్న పదేళ్లను ఆ నత్తనడక ప్రయాణంతో తానే తీర్చుకోవాలనుకోవడం, సార్త్ర్ చెప్పిన బాధ్యతకు నేను చూసినంతలో అతి దగ్గరగా వచ్చిన సన్నివేశం; అందులో తత్వశాస్త్రం పేరు ఒక్కసారి కూడా వినిపించదు.

కాలేజీలోనో గ్రంథాలయంలోనో వరుసగా కొన్ని వారాలు ప్రదర్శించి చర్చ పెట్టాలనుకునేవారు ‘ఎవడే సుబ్రహ్మణ్యం’తో మొదలుపెట్టి, ‘ఇంటు ది వైల్డ్’, ‘నోమాడ్‌ల్యాండ్’ చూపి, అమ్మాయిలు ఎక్కువగా ఉన్న సభ అయితే మధ్యలో ‘థెల్మా అండ్ లూయీస్’ చేర్చవచ్చు. ‘నోమాడ్‌ల్యాండ్’ రోజున ముంబై పనికి వెళ్లి వచ్చినవారిని ఒకరిద్దరిని పిలిచి మాట్లాడించగలిగితే చర్చ పుస్తకాల్లోంచి బయటపడుతుంది. ‘పారిస్, టెక్సాస్’ను పెద్ద తెర, మంచి చీకటి ఉంటే తప్ప పెట్టుకోకపోవడం మంచిది. ‘టేస్ట్ ఆఫ్ చెర్రీ’ వేసేవారు ముందుగా విషయం ప్రకటించాలి. తెర నల్లబడ్డాక పచ్చటి కొండ మీద చిత్రబృందం కనిపించే గరుకు వీడియో ముక్క కూడా కథలో భాగమేనని తెలుసుకొని, అది పూర్తయ్యేదాకా లైట్లు వేయకుండా చూసుకోవాలి.